వెనక బెంచీలో ఇంకో సారు

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గేట్ పుస్తకం వెతుకుతుంటే ఎవరిదో పాత బి.ఎడ్. రికార్డు దొరికింది. లెక్కల పాఠ్య పథకాలు. ప్రతి పాఠం పక్కన, వెనక కూర్చుని విన్నవాళ్లు ఎర్ర సిరాతో రాసిన రెండు ముక్కలు. బి.ఎడ్.లో ఉన్నన్నాళ్లూ తోటివాళ్లు మన పాఠం చూస్తారు. ఉద్యోగం వచ్చాక వెనక బెంచీలోకి వచ్చేది తనిఖీ అధికారే. మనం ప్రాజెక్టులో నాలుగు లైన్ల కోడ్ రాసినా ఇంకొకడు చూడందే మెర్జ్ చెయ్యం కదా! ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన సారు క్లాసుని పక్క గది సారు ఒక్కసారైనా చూశాడా?

జపాన్ టీచర్లకి మీజీ కాలం నుంచీ ఈ అలవాటుంది. జుగ్యో కెంక్యూ అంటారు, పాఠ పరిశోధన అన్నమాట. నలుగురు కలిసి ఒకే పాఠం తయారు చేస్తారు. భిన్నాలే అనుకోండి. 1/2కి 1/3 కలపమంటే పిల్లలు 2/5 అంటారని ముందే ఊహిస్తారు. అప్పుడేం అడగాలి? "సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేంటి?" అనా, కాగితం మడిచి చూపించడమా? ఒకరు పాఠం చెప్తారు. మిగతావాళ్లు చూసేది సారుని కాదు, పిల్లల నోటుబుక్కుల్ని. ఎవరి పెన్సిల్ ఎక్కడ ఆగింది? తర్వాత కూర్చుని పాఠం మార్చి, వీలైతే ఇంకో సెక్షన్‌లో మళ్లీ చెప్తారు. పాఠం అందరిదీ కాబట్టి, తేలిపోయినా ఒక్కరి పరువే పోదు.

మనకి అసలు లేదని కాదు. స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1964-66 కొఠారీ కమిషన్ నాటిది. ఆ మీటింగుల్లో నమూనా పాఠమూ ఉంటుంది. కానీ బాగా చెప్పేవాళ్లే చెప్తారు, చప్పట్లు, టీ, అయిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం టీచరుకి ఏడాదికి 50 గంటల శిక్షణ అంది. అవన్నీ పీపీటీలు చూడ్డానికే పోతే ఎలా?

1834 నాటి సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, గన్‌ఫౌండ్రీలో ఆలియా, మహబూబియా, ఆల్ సెయింట్స్, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో వనితా కాలేజీ... అన్నీ ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లేంత దూరమే. నాలుగు స్కూళ్ల లెక్కల టీచర్లు నెలకో మధ్యాహ్నం కలవడానికి బస్సు కూడా అక్కర్లేదు. టైమెక్కడిదంటారు, నిజమే. సర్కారు బడి టీచరుకి ఎలక్షన్ డ్యూటీ, సర్వేలు. ప్రైవేటులో ఖాళీ పీరియడ్ కనిపిస్తే సబ్‌స్టిట్యూషన్. ఆ రెండు గంటలు టైంటేబుల్లో ఇవ్వాల్సింది యాజమాన్యాలూ, ప్రభుత్వమూ. టీచరు ఆదివారం అడగకూడదు.

మన సంగతి? ఎం-2లో లాప్లాస్ అన్ని సెక్షన్లకీ ఒకటే, చెప్పేవాళ్లు వేరు. వాళ్లు ఒక్క పాఠమైనా కలిసి రాసుకుంటే, పెన్సిల్ ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి మేం రెడీ.