శిథిలములకు చరిత్ర కల్పించుట

1982లో జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' చిత్రమున, దక్షిణధ్రువఖండమందలి అమెరికా పరిశోధనాస్థావరమునుండి హెలికాప్టరుమీద బయలుదేరిన చోదకుడు మెక్‌రెడీయు, వైద్యుడు కాపరును పొరుగుననున్న నార్వేవారి శిబిరమునకు పోయి చూడగా, ప్రాణముతో నున్నవాడొక్కడును అగపడక, తలుపున దిగబడిన గొడ్డలియు, కంఠము తెగి కుర్చీలోనే గడ్డకట్టిన మనుష్యుడును, లోపలినుండి ఏదియో వెడలిపోయినట్లు డొల్లయైన మంచుదిమ్మయు, వెలుపల సగము కాలి, రెండు ముఖములు ఒకదానిలోనొకటి కరగి కలిసిపోయిన కళేబరమును మాత్రము కనబడును. ఈ ఘట్టము కొన్ని నిమిషములకు మించి సాగదు. ఇరువది తొమ్మిదేండ్ల పిమ్మట, 2011లో, మాతీస్ వాన్ హైనింగెన్ జూనియర్ అను డచ్చి దర్శకుడు ఆ శిబిరమున అంతకుముందు జరిగిన కథను పూర్తి చిత్రముగా తీసి, దానికిని 'ది థింగ్' అనియే పేరు పెట్టెను.

మూలమునకు విధేయముగా నున్నదా, పూర్వచిత్రములోని సంగతులతో పొత్తు కుదిరినదా యని రీమేకులను, ప్రీక్వెల్లులను చూడబోవువారు మొట్టమొదట అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, కాని ఆ విధేయత దేనియెడల నుండవలెనను రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుకొననిదే మొదటిదానికి అర్థము లేదు. కథలోని వస్తువులయెడలనా, సంఘటనల వరుసయెడలనా, లేక ఆ వస్తువులను ఆ సంఘటనలను పుట్టించిన మూలభావముయెడలనా? విజ్ఞానకల్పనకు సంబంధించినంతవరకు, కల్పితలోకమునకు ఒకసారి విధించిన ధర్మమును తప్పకుండుటయే ప్రధానమైన విధేయతయనియు, తక్కినది సామానుల జాబితాను సరిచూచుకొనుట వంటిదనియు నా నమ్మకము.

ఈ కథకు మూలపురుషుడు జాన్ డబ్ల్యూ. కాంప్‌బెల్. 'అస్టౌండింగ్' పత్రికకు సంపాదకుడైన ఈయన డాన్ ఎ. స్టువర్ట్ అను మారుపేరుతో 1938 ఆగస్టు సంచికలో 'హూ గోస్ దేర్?' అను నవలికను ప్రకటించెను. దక్షిణధ్రువపు మంచులో యుగములతరబడి పడియున్న అన్యగ్రహజీవి యొకటి కరగి లేచి, తాను కబళించిన ప్రాణిరూపమునే ధరింపగలుగుటచేత, స్థావరమునందలి మనుష్యులలో ఎవడు మనుష్యుడో ఎవడు కాడో తెలియకపోవుట ఆ నవలికకు ప్రాణము. 1951లో హోవర్డ్ హాక్స్ నిర్మాతగా, క్రిస్టియన్ నైబీ దర్శకుడుగా వెలువడిన 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' చిత్రమున ఆ ప్రాణమే తీసివేయబడినది. కథాస్థలము ఉత్తరధ్రువమునకు మారినది. రూపములు మార్చు జీవి పోయి, జేమ్స్ ఆర్నెస్ ధరించిన, వృక్షజాతికి చెందిన నెత్తురు త్రాగు మహాకాయుడు వచ్చినాడు. శత్రువు ఎదుటనే నిలిచి యున్నాడు గనుక అనుమానమునకు చోటు లేదు. వేగముగా మాటలాడు పాత్రలతో చక్కగా నడచిన చిత్రమేయైనను, కాంప్‌బెల్ కథకు అది మేనల్లునివరుసయే గాని పుత్రుడు కాదు.

కార్పెంటరుకు ఈ 1951 చిత్రముమీద ఎంత మక్కువయో తెలియుటకు, 1978నాటి తన 'హాలోవీన్'లో పిల్లలు టెలివిజనులో చూచుచుండు చిత్రము ఇదియేయని చెప్పిన చాలును. అట్టివాడు దానిని తిరిగి తీయుటకు పూనుకొన్నప్పుడు దాని కథను ప్రక్కకు నెట్టి, బిల్ లాంకాస్టరు వ్రాసిన చిత్రకథతో కాంప్‌బెల్ నవలికకు మరలిపోయెను; స్థలము మరల దక్షిణధ్రువమైనది, పన్నిద్దరు పురుషులు మరల ఒకరినొకరు నమ్మలేని స్థితికి వచ్చిరి. హాక్సుపట్ల ఋణము మాత్రము ఒక్క దృశ్యమున తీర్చుకొన్నాడు. నార్వేవారి వీడియోటేపులో, మంచుక్రింది అన్యగ్రహనౌకచుట్టును మనుష్యులు చేతులు చాచి వలయముగా నిలుచుట 1951 చిత్రమునుండి తెచ్చినదే. చిత్రమునకు అవిధేయుడై కథకు విధేయుడగుట యనగా ఇదియే.

మాయలు మంత్రములు గల కథలో ఏది జరిగినను ఇది ఎట్లు కుదురునని అడుగువాడుండడు. విజ్ఞానకల్పనలో అట్లు గాదు. అసంభవమైన సంగతి యొకదానిని మనము ఒప్పుకొన్న పిమ్మట తక్కినదంతయు దానినుండి తర్కబద్ధముగా పుట్టుకొని రావలెను. ఈ జీవియొక్క ప్రతి అంశమును తనంత తాను ప్రత్యేకప్రాణియే యని కార్పెంటరు ఒప్పించినాడు. అట్లైనచో దాని నెత్తుటిచుక్కకు సయితము స్వరక్షణబుద్ధి యుండవలెను. కాగిన తీగ తగిలినప్పుడు ఆ చుక్క తప్పించుకొని పారిపోవలెను. మూలనవలికలోనిదైన ఈ రక్తపరీక్ష చిత్రమునకు శిఖరమైనది, దాని వెనుక ఈ తర్కముండుటచేతనే. అంతకంటె ముఖ్యమైన ధర్మము మరియొకటి కలదు. ఈ జీవికి దాగియుండుటయే బలము. చిక్కుపడినప్పుడో ఏకాంతము దొరకినప్పుడో తప్ప అది బయటపడదు. ఇరువదిరెండేండ్ల ప్రాయపు రాబ్ బాటిన్ రబ్బరుతోను, యంత్రములతోను, రంగులతోను కల్పించిన రూపాంతరములు అంత భీకరముగా తోచుటకు కారణము వాని నడుమనున్న ఎడతెగని నిరీక్షణమే. ప్రేక్షకులు మాత్రము ఆనాడు ఆదరింపలేదు. 1982 జూన్ 25న విడుదలైన ఈ చిత్రమునకు రెండువారముల ముందే, పిల్లలతో చెలిమి చేయు అన్యగ్రహవాసిని చూపిన 'ఇ.టి.' దేశమంతటను ఆడుచుండెను.

ఇక 2011 చిత్రము. దాని కర్తలు చూపిన శ్రద్ధను శంకింప బనిలేదు. కార్పెంటరు శిబిరములోని ప్రతి శిథిలమునకును కారణము కల్పించి, గొడ్డలి తలుపున ఎట్లు దిగినదో, రెండు ముఖములు ఎవరివో, కుర్చీలోని మనుష్యుడు ఎవడో, తుదకు కుక్కను తరుముచు నార్వేవారి హెలికాప్టరు ఎట్లు బయలుదేరినదో చూపి, తమ చివరి దృశ్యమును 1982 చిత్రపు మొదటి దృశ్యమునకు అతికించిరి. తుపాకి పట్టిన నార్వేవాడు అమెరికావారికి సంగతి తెలియజెప్పలేకపోవుటకు సయితము, ఆంగ్లము రాని లార్స్ అను పాత్రను కల్పించి హేతువు చూపిరి. మంచిదే. కాని కార్పెంటరు బృందము ఆ శిథిలములను ఎట్లు సంపాదించినదో జ్ఞప్తికి తెచ్చుకొన్నచో నవ్వు రాకమానదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాయందు స్టువర్ట్ పట్టణము దగ్గర కట్టిన అమెరికా స్థావరపు సెట్టును కథాంతమున పేల్చివేసి, మిగిలిన ఆ కాలిన కొయ్యలనే నార్వేవారి శిబిరముగా చూపి చిత్రీకరించిరి. అనగా 2011నాటి కర్తలు అక్షరాక్షరము పాటించిన ఆ చరిత్రకు ఆధారమైన శిథిలములు నార్వేవారివియే కావు. మితవ్యయముకొరకు అక్కరకు తెచ్చుకొన్న పొరుగింటి బూడిద.

గొడ్డలిని ఇంత భద్రముగా కాపాడినవారు థర్మైటును పోగొట్టుకొనుట వింత. కాంప్‌బెల్ నవలికలో నౌకపై మంచును కరగింప థర్మైటును ప్రయోగింపగా నౌకయే తగులబడిపోవును. హాక్స్ చిత్రమునను అంతే. కార్పెంటరు టేపులో నార్వేవారు నౌకచుట్టును ఆ మందునే అమర్చుచుందురు. మూడుతరములు చేతులు మారుచు వచ్చిన వస్తువది యొక్కటియే. 2011 చిత్రమున నౌక యంత్రము రగిలినందువలననే పైమంచు కరగినట్లు చూపిరి. ఈ తప్పును ఎత్తిచూపి ఆనందించు అభిమానులు కలరు. నేను దీనిని పెద్దదోషముగా ఎంచను. నౌక ఎట్లు బయటపడినను భయమునకు లోటు రాదు.

లోటు వచ్చినది వేరుచోట. అచటికి పోవుటకుముందు ఆ చిత్రమున నిజముగా మెచ్చదగిన కల్పన యొకటి చెప్పవలెను. ఈ జీవి ప్రాణముగల పదార్థమునే అనుకరింపగలదు గాని లోహమును అనుకరింపలేదని కథానాయిక కేట్ లాయిడ్ గ్రహించి, అందరి నోళ్లు తెరిపించి పండ్లకు నింపిన లోహమును వెదకును. రక్తపరీక్ష దోషిని పట్టి ఇచ్చును. ఈ దంతపరీక్ష నిర్దోషిని విడిపింపగలదే గాని దోషిని పట్టజాలదు, ఏలయన పండ్లు పుచ్చని మనుష్యుడును అనుమానితులలోనే మిగులును. పాతధర్మమునుండి కొత్తఫలితమును తీసిన ఈ ఘట్టము కాంప్‌బెల్ చదివినను సంతోషించియుండును. చిత్రకథ వ్రాసిన ఎరిక్ హైసరర్ పిమ్మట 'అరైవల్' చిత్రమునకు వ్రాసినవాడు. ఆయనకు తర్కము తెలియకపోలేదు. అయితే ఈ కల్పన ముందునకు పోయి పాతచిత్రమును తాకుట వేరొక చిక్కు. 1982 చిత్రాంతమున మెక్‌రెడీ, చైల్డ్స్ ఇద్దరు మంటలయెదుట కూర్చుండి, వారిలో ఎవడైనను మనుష్యుడు కాడేమోయను సందేహముతో కథ ముగియును. చైల్డ్స్ చెవిపోగును చూపి, లోహమున్నది గనుక వాడు మనుష్యుడేయని వాదించుటకు 2011 చిత్రము కొందరికి ఆధారమైనది. కార్పెంటరు బుద్ధిపూర్వకముగా ముడివేసి విడిచినదానిని పరాయివాడు విప్పుట పూర్వకథలవలన కలుగు ప్రమాదములలో ఒకటి.

ప్రధానమైన లోపము జీవి స్వభావమున నున్నది. ఓర్పుతో దాగియుండవలసినది 2011 చిత్రమున నడవలలో మనుష్యులను వెంటబడి తరుము మృగమైపోయినది. నిలిచి అనుకరించుటకు వీలున్న తావులను విడిచి పైబడుచుండుటచేత, వీరిలో ఎవడను ప్రశ్న పోయి ఎటు పరుగెత్తవలెనను ప్రశ్న మిగిలినది. హాక్స్ చిత్రమునకు తెలిసియే పట్టిన గతి వీరికి తెలియకయే పట్టినది. అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్‌ల సంస్థ ఈ చిత్రముకొరకు యంత్రచాలితములైన బొమ్మలను చేసి యిచ్చినను, వానిలో పెక్కింటిని తుదకు కంప్యూటరు చిత్రములతో కప్పివేసిరి. వస్తువులనన్నిటిని కాపాడిన చిత్రము పనితనమును మాత్రము కాపాడలేకపోయినది.

మూలకర్తయే తిరిగివచ్చినను ఈ ప్రమాదము తప్పదు. రిడ్లీ స్కాట్ 1979లో 'ఏలియన్'నందు ఆసనమునుండి మొలిచినట్లు శిలాభూతమైయున్న మహాకాయుడైన నావికుని చూపినప్పుడు వాడెవడో చెప్పలేదు. 2012లో 'ప్రొమీథియస్'నందు అది కవచమే యనియు, లోపలివాడు మనుష్యులను పోలినవాడే యనియు చెప్పిన క్షణముననే విశ్వము చిన్నదైపోయినది. దీనికి భిన్నముగా 1978నాటి 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్'లో ఫిలిప్ కాఫ్‌మన్ కథను ఊరినుండి సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు మార్చి, 1956 చిత్రనాయకుడైన కెవిన్ మెకార్తీని వీధిలో కేకలువేయుచు పరుగెత్తునట్లు క్షణకాలము చూపి ఊరకుండెను. పాతచిత్రముతో సంబంధము నిలుచుటకు అంతియ చాలినది.

పూర్వుడు విడిచిన ఖాళీని నింపుట యెట్లో తెలుగువారికి కొత్తగా నేర్పవలసిన పని లేదు. నన్నయ సగములో విడిచిన ఆరణ్యపర్వమును ఎఱ్ఱన పూరించునప్పుడు, తాను ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియై యుండియు, కృతిని రాజరాజనరేంద్రునకే అంకితముచేసి, నన్నయ ధోరణిలో ఆరంభించి క్రమముగా తిక్కన ధోరణికి నడపెను. అయితే ఒక భేదము మరువరాదు. ఎఱ్ఱన పూరించినది నిజముగా మిగిలిపోయిన భాగము. వ్యాసునియందు కథ ఉండనే యున్నది. కార్పెంటరు శిబిరమున మిగిలినది ఏదియు లేదు.

కాంప్‌బెల్ విషయమున ఈ మాట ఇంకను గట్టిగా చెప్పవచ్చును. ఆయన నవలికకు దీర్ఘమైన తొలిప్రతి యొకటి హార్వర్డులోని ఆయన కాగితములలో బయటపడి, 'ఫ్రోజెన్ హెల్' అను పేరుతో 2019లో అచ్చైనది. నౌకను కనుగొన్న వృత్తాంతము అందు ఆరంభాధ్యాయములుగా విపులముగా నున్నది. దానిని కాంప్‌బెల్ స్వయముగా కొట్టివేసి, మంచుదిమ్మ స్థావరమునకు చేరిన పిమ్మటనే కథ మొదలిడెను. అనగా పూర్వకథను మూలకర్త వ్రాసియే యుండెను, వ్రాసి అక్కరలేదని తీసివేసెను.

ఈ రెండు చిత్రములను ఇంకను చూడనివారు కథాక్రమముననుసరించి 2011 చిత్రమును మొదట చూడకుందురు గాక. అట్లు చూచినచో, మంచుమీద పరుగెత్తుచున్న కుక్కను హెలికాప్టరులోనివారు తుపాకితో ఏల కొట్టబోవుచున్నారను ప్రశ్న పుట్టకమునుపే చచ్చును. 1982 చిత్రమందలి మొదటి అరగంటయు వ్యర్థమగును. విడుదలైన క్రమముననే చూడుడు. రెండవది చూడకున్నను నష్టము లేదు.