80 దాటని లారీకి డీజిల్ మిగిలేనా?

2015 ఏప్రిల్‌లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో 118వ దాన్ని సవరించింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్ ఉండాలంది. ట్యాంకర్లకు, డంపర్లకు 60కే కట్టడి చేసింది. ప్రమాదాలు తగ్గించడానికి తెచ్చిన నిబంధన ఇది. డీజిల్ కూడా ఆదా అవుతుందన్న మాట తర్వాత కొసరుగా దీనికి అతుక్కుంది. ప్రమాదాల సంగతి సరే. డీజిల్ లెక్క మాత్రం మన రోడ్ల మీద అంత తేలిగ్గా తేలదు.

లారీని కదలనివ్వకుండా లాగేవి ముఖ్యంగా రెండు: టైర్ల కింద ఒరిపిడి, ఎదురు గాలి. ఒరిపిడి బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. గాలి అలా కాదు. వేగం 80 నుంచి 100కు పెరిగితే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లోడుతో 40 టన్నులు తూగే లారీకి స్థూలంగా లెక్క కడితే, 80 మీద ఇంజను పడే శ్రమలో గాలి వాటా 40 శాతం దాకా ఉంటుంది. 40 మీద అది 15 శాతమే. 100లో పోయే ఆ లారీని 80కి దించితే కిలోమీటరుకు కాలే డీజిల్ ఐదో వంతు వరకు తగ్గవచ్చు. ఖాళీ లారీకైతే నాలుగో వంతు పైనే. లోడు దించేసి, తిరుగు లోడు చేజారుతుందేమోనని పరుగెత్తే ఖాళీ బండి దగ్గరే గవర్నర్ ఎక్కువ మిగులుస్తుందన్నమాట. ఈ సంగతి ఓనర్లు ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

యూరప్‌లో ఈ లెక్క బాగా కుదిరింది. 1992 నాటి ఆదేశంతో అక్కడ 12 టన్నులు దాటిన లారీలకు 90 కిలోమీటర్ల కట్టడి వచ్చింది, తర్వాత మూడున్నర టన్నులు దాటిన వాటికీ పాకింది. అక్కడి మోటార్‌వేల మీద లారీ గంటల తరబడి ఒకే వేగంతో సాగుతుంది కాబట్టి, గంటకు రెండు మూడు కిలోమీటర్ల తేడా కూడా బిల్లులో కనిపిస్తుంది. అమెరికాలో 2016లో ఇలాంటి ప్రతిపాదనే పెట్టి 2025లో వెనక్కి తీసుకున్నారు.

మన లారీ సంగతి చూడండి. సగటున రోజుకు 300 కిలోమీటర్లు తిరుగుతుందని నీతి ఆయోగ్ 2021లో చెప్పింది. 80 వేగంతో పోతే అది నాలుగు గంటల పని కూడా కాదు. మిగతా పొద్దంతా లోడింగ్ క్యూల్లో, ఊళ్ల మధ్య స్పీడు బ్రేకర్ల దగ్గర, యూటర్న్‌ల దగ్గర కరిగిపోతుంది. 40 టన్నుల లారీ 60 వేగంలో పోతూ ఆగి, మళ్లీ ఆ వేగం అందుకోవడానికే సుమారు 0.4 లీటరు డీజిల్ తాగుతుంది. అదే డీజిల్‌తో 60 మీద నిలకడగా కిలోమీటరున్నర దాకా పోవచ్చు. జాతీయ రహదారి పక్కన అడ్డదిడ్డంగా తెరిచిన ఒక్కో దారి రోజూ ఎంత తాగేస్తోందో లెక్క వేసేవారు లేరు. భారీ వాహనాల ఇంధన ప్రమాణాలను 2017లో నోటిఫై చేసినప్పుడు లారీ పరీక్షకు ఎంచుకున్నవి కూడా 40, 60 కిలోమీటర్ల నిలకడ వేగాలే. ఆగడం, లేవడం ఆ పరీక్షలో లేనే లేవు!

ఇక అమలు. కొత్త బండ్లలో కట్టడి ఇంజను కంప్యూటర్లోనే ఉంటుంది. పాత బండ్లకు విడిగా బిగించే పరికరం వైరు ఊడదీస్తే పోయె. ఫిట్‌నెస్ రోజున కాగితం ఉంటే చాలన్నంత కాలం ఇది మారదు. కనీసం బండిని నడిపించి చూడాలి.

అంతకన్నా ముఖ్యమైన చిక్కు మరొకటుంది. వేగం తగ్గించి డెలివరీ గడువు అలాగే ఉంచితే, ఆ తేడాను డ్రైవరు తన నిద్రలోంచి పూడుస్తాడు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనే అనేది, హైవే మీద అది ఎవరికీ గుర్తుండేది కాదు. గవర్నర్ ఉండాల్సిందే, సందేహం లేదు. కానీ గడువును కూడా లారీ నిజంగా పోగల వేగం చూసి రాయించాలి. పౌర సరఫరాల బియ్యం, ఎరువులు మోయించే ప్రభుత్వ సంస్థలు తమ టెండర్లలో ముందుగా ఆ షరతు పెట్టాలి.