పైన కుంకుమ, లోన దుమ్ము

దసరా నవమినాడు మన దుకాణములలోను, కార్యాలయములలోను జరుగు ఆయుధపూజను తేరిపార జూచిన వారికి ఒక వింత గోచరింపక మానదు. ఒకప్పుడు నాగలికి, త్రాసుకు, కుట్టుమిషనుకు దక్కుచుండిన మర్యాద నేడు కంప్యూటరునకును సంక్రమించినది; తెరను తడిగుడ్డతో తుడిచి, సీపీయూ డబ్బా నెత్తిన గంధము పూసి, కుంకుమబొట్టు దిద్ది, బంతిపూల దండ వేసి కర్పూరహారతి నిచ్చు ఆ వేళకు, డబ్బా లోపల ప్రాసెసరును చల్లబరచుటకై అమర్చిన అల్యూమినియపు రేకుల సందులలో ఏండ్ల తరబడి చేరిన దుమ్ము గొంగళివలె దళసరిగా పరచుకొని యుండును. రైతు పూజకు ముందు నాగటికర్రు నంటిన మన్నును కడుగును. మనము పైరేకును తుడిచి తృప్తి నొందుదుము. ఆ చల్లిన కుంకుమలో కొంత గాలిసందులగుండ లోనికే పోవుననుట వేరే మాట.

దుమ్ము చేయు కీడు మిక్కిలి సాధారణమైనది. లోపలి ఫ్యాను బయటిగాలిని పీల్చి రేకులమీదుగా నడిపించి వేడిని వెలికి పంపుచుండగా, ఆ గాలితో వచ్చిన నూలుపోగులును, వెండ్రుకలును, మట్టిరేణువులును రేకుల ముఖముననే చిక్కుకొని క్రమముగా తెరగట్టును. ఆ తెరలో కదలక నిలిచిన గాలి, చలికాలపు రగ్గు మన ఒంటివేడిని నిలుపునట్లే, యంత్రపు వేడిని నిలిపివేయును. ప్రాసెసరు నూరు డిగ్రీల సెల్సియస్ ప్రాంతమునకు చేరునప్పటికి తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును, అప్పటికిని చల్లారనిచో యంత్రము ఆగిపోవును. యజమాని మాత్రము ‘పాతదైపోయినది’ అని నిట్టూర్చి క్రొత్తదాని వెల విచారింప మొదలిడును. రెండు వేసవుల క్రిందట నా యంత్రము పిండిమరవలె రొదచేయుచు ఆగిపోగా, మరమ్మతు చేయు నొకాయన మదర్‌బోర్డు మార్చవలెనని చెప్పెను. ఆ వెలకు జడిసి ఇంటికి మోసికొనివచ్చి, మూత విప్పి చూచితిని గదా, లోపల రేకులే కానరాలేదు. పాత కుంచె యొకటి, అరగంట శ్రమ, కొన్ని తుమ్ములు: దానికైన వ్యయ మంతయు నింతే.

మన దేశపు దుమ్మును గూర్చి విదేశీయులు వ్రాసిన సూచనలు మనకు చాలవు. గుంటూరు మిర్చియార్డు చుట్టుపట్ల గాలిలో తేలు ఘాటైన పొడి, పత్తి మిల్లుల చెంత నెగురు నూగు, బియ్యపు మిల్లుల ఊకదూళి, పాఠశాలలో సుద్దముక్కల పొడి, ఎన్నటికి పూర్తియగునో తెలియని రోడ్డుపనుల మట్టి, ఇవన్నియు వేర్వేరు జాతులు. సముద్రతీరపు ఊళ్లలో ఈ దుమ్ము తేమను పీల్చి ముద్దగట్టును. అట్టి ముద్ద కేవల మూదినంత మాత్రమున రాలదు, మెత్తని కుంచెతో ముందు కదల్చవలెను.

ఇక ఊదు సాధనముల సంగతి. అంగళ్లలో ‘గాలి డబ్బా’ అని అమ్మునది నిజమునకు గాలి కాదు. ఒత్తిడిచే ద్రవముగా మార్చిన ఫ్లోరిన్ సంబంధమైన వాయువు. అందు తరచుగా నుండు డైఫ్లూరోఈథేన్ సున్నకు దిగువ ఇంచుమించు 25 డిగ్రీల యొద్దనే మరుగును గనుక, డబ్బాను తలక్రిందుగా పట్టినచో ద్రవమే చిమ్మి వ్రేలిని మంచువలె కొరుకును. పైగా అది మండు వాయువు. భూతాపమును పెంచుటలో అది బొగ్గుపులుసు వాయువుకంటె నూరురెట్లకు పైబడినది. ఇట్టి వాయువులను క్రమముగా తగ్గింతుమని 2016లో కిగాలి నగరమున దేశములు ఒడంబడగా, 2021లో మన దేశమును దానిని ధ్రువీకరించినది. కొన్ని నిమిషములు బుస్సుమని ఖాళీయగు డబ్బాకు వందల రూపాయలు పోయుట నాకు సమ్మతము గాదు.

దీనికి విరుగుడుగా కొందరు కంప్యూటరు డబ్బాను స్కూటరుపై పెట్టుకొని పంక్చరు దుకాణమునకు పోవుదురు. అచట గాలికి లోటులేదు. కాని కంప్రెసరు గాలిని నొక్కి చల్లార్చునప్పుడు అందలి ఆవిరి నీరై ట్యాంకు అడుగున చేరును, వానకాలమున మరింత చేరును, ఆ నీరును, కంప్రెసరు నూనె తుంపురులును గొట్టముగుండ వచ్చి మదర్‌బోర్డుపై పడును. టైరునకు ఆ తుంపురులతో పనిలేదు, మనకు కలదు. నోటితో నూదుటయు నిట్టిదే. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టము పట్టిన మన అమ్మమ్మల ఊపిరి నిప్పును రాజేయుటకు సరిపోయెను; అందలి తడి నిప్పులకు లెక్కలేదు గాని, మదర్‌బోర్డునకు కలదు.

నా యెరుకలో గృహస్థునకును, చిన్న కార్యాలయమునకును తగినది వడ్రంగులు రంపపుపొడి నూదుటకు వాడు విద్యుత్ బ్లోయరు. ఐదారువందల వాట్లది హార్డ్‌వేరు దుకాణములలో సాధారణముగా రెండువేల రూపాయల లోపు దొరకును, ఏండ్లు పనిచేయును. కెమెరా కటకముల కొరకు చేసిన రబ్బరు ఊదుబుడ్డి ఇంకను చౌక; కీబోర్డునకు, ల్యాప్‌టాప్ సందులకు అది చాలును. బ్లోయరు వాడువారు ముందు ప్లగ్గు పీకి, ఆన్ మీటను కొన్ని క్షణములు నొక్కి మిగిలిన విద్యుత్తును పోగొట్టి, డబ్బాను వరండాలోనికి తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ఫ్యాను రెక్కలను వ్రేలితోగాని పుల్లతోగాని నిలిపి పట్టుట మరువరాదు. లేనిచో అవి శక్తికి మించి తిరిగి బేరింగులు చెడును, తిరుగు మోటారు తానే విద్యుత్తును పుట్టించి బోర్డులోనికి త్రోయవచ్చును. పవర్ సప్లై పెట్టెను విప్పనేరాదు. ప్లగ్గు పీకిన పిదపను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. జిరాక్సు యంత్రము, లేజరు ప్రింటరు కలవారు లోపల పడిన టోనరు పొడిని బ్లోయరుతో నూదరాదు. అది గదినిండ వ్యాపించి ఊపిరితిత్తులకు చేరునంతటి సూక్ష్మమైనది.

ఇన్ని చెప్పినను నా మనవి ముఖ్యముగా ప్రభుత్వ పాఠశాలల నుద్దేశించినది. అచటి కంప్యూటరు గదులకు యంత్రములు లక్షలు పోసి కొందురు, వానిపై గుడ్డతొడుగులు కప్పుదురు, కాని ఊదు సాధన మొక్కటైన బీరువాలో నుంచరు. ఉంచినను మూత విప్పుటకు ఎవ్వరికిని అధికార ముండదు, ఏలయన ‘ఈ చీటీ చినిగినచో వారంటీ చెల్లదు’ అని వెనుక నంటించిన కాగితపుముక్కకు ప్రధానోపాధ్యాయుడు సైతము భయపడును. వారంటీ ఉన్నన్నాళ్లు గాలిసందుల వెలుపలినుండియే ఊదుకొనుడు. గడువు తీరిన పిమ్మట ఆ చీటీకి జంకనేల? కొనుగోలు పద్దులో బడికొక బ్లోయరును, రెండు కుంచెలను చేర్చి, మూడునెలల కొకసారి ఊదు బాధ్యతను ఒక ఉపాధ్యాయునికి వ్రాతమూలముగా నొప్పగించినచో, ప్రభుత్వమునకగు ఖర్చు ఒక యంత్రపు వెలలో లవలేశము.

నేను కొన్న బ్లోయరు ప్రస్తుతము మా వీధి వడ్రంగి యొద్ద నున్నది. తిరిగి వచ్చినప్పుడెల్ల దాని గొట్టమునుండి తొలి బుస్సుతో పిడికెడు టేకుపొడి వెలువడును గనుక, దానిని ముందు ఆకాశమువైపు ఊది, పిదప యంత్రము వంకకు త్రిప్పుట నాకు అలవాటైనది.