గ్యాసు ఎక్కడికి పోయింది?

వేసవి సమీపించగానే మన కాలనీలో కార్లున్నవారి నోట వినవచ్చే మాట ఒకటే: “ఏసీ చల్లబడటం లేదు, గ్యాసు నింపించాలి.” నాడి చూడకుండానే మందు పేరు చెప్పినట్లుంటుంది ఈ మాట. ఆ తప్పు చేసినవారిలో మేమూ ఉన్నాము గనుక ఈ మాసం మా అనుభవంతోనే ప్రారంభిస్తున్నాము.

వరుసగా రెండు వేసవులు మా కారు ఏసీలో గ్యాసు నింపించాము. మూడవ వేసవిలో మళ్ళీ బయలుదేరుతుండగా మా శ్రీమతి అడిగింది: “ఏమండీ, పెట్రోలైతే మండి ఖర్చవుతుంది. ఈ గ్యాసు మూసిన గొట్టాల్లోనే తిరుగుతుందంటారు కదా, మరి ఏటేటా ఎక్కడికి పోతోంది?” కర్మాగారంలో ఏ యంత్రం ఆగినా మూలకారణం తేలనిదే నివేదికపై సంతకం చేయని మేము, ఆ ప్రశ్నను నవ్వి దాటవేశాము. గ్యాసు నింపించిన నెలలోపే కంప్రెసర్ పట్టేసింది. విప్పి చూడగా కండెన్సర్ అతుకు వద్ద జిడ్డు మరక, దానిపై పేరుకున్న దుమ్ము కనిపించాయి. లోపల గట్టిపడి పగిలిన చిన్న రబ్బరు రింగు! కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాసుతోపాటే ప్రవహిస్తుంది. గ్యాసు తగ్గినకొద్దీ నూనె తిరిగి చేరక కంప్రెసర్ అరిగిపోతుంది. రింగు మార్చనందుకు కంప్రెసర్‌నే మార్చవలసి వచ్చింది.

కావున గ్యాసును అనుమానించే ముందు ఈ వరుసలో పరిశీలించవలెను.

మొదట గాలి. లోపలికి వీచే గాలే తగ్గితే ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, బ్లోయర్ బలహీనపడి ఉండవచ్చు. కారు పరుగులో ఉన్నప్పుడు చల్లగా, సిగ్నల్ వద్ద ఆగినప్పుడు వెచ్చగా ఉంటే కండెన్సర్ ఫ్యానును, రెక్కల మధ్య దుమ్మును చూడాలి. అరగంట చల్లబడి క్రమంగా గాలి సన్నగిల్లి, కాసేపు ఆపితే మళ్ళీ బాగుపడుతుంటే కూలింగ్ కాయిల్‌పై మంచు కడుతున్నదని అర్థం. గాలి తగ్గకుండా చల్లదనం మాత్రమే వచ్చిపోతుంటే, లోపలి తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వద్ద గడ్డకడుతూ ఉండవచ్చు.

కంప్రెసర్ క్లచ్ అసలు పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గ్యాసు బాగా తగ్గినప్పుడు కంప్రెసర్‌ను కాపాడటానికే పీడన స్విచ్ దానిని ఆపుతుంది. ఆ స్విచ్‌ను తప్పించి వైరు నేరుగా కలపనివ్వరాదు.

ఆ తరువాతనే గేజిలు. ఇంజను నడుస్తుండగా రెండు వైపులా పీడనం తక్కువగా ఉంటే గ్యాసు కొరత. రెండు వైపులా ఎక్కువగా ఉంటే కండెన్సర్ వేడిని వదలడం లేదు, లేదా గ్యాసు మోతాదు మించింది. అల్ప పీడనం పెరిగి అధిక పీడనం తగ్గితే కంప్రెసర్ బలహీనపడి ఉండవచ్చు. ఇంజను ఆపి చూసిన పీడనాన్ని నమ్మరాదు. 30 డిగ్రీల వద్ద ఆర్‌-134ఏ గ్యాసు చదరపు అంగుళానికి 97 పౌండ్ల మేర చూపుతుంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు, సగమున్నా నిండుగా ఉన్నా గేజిపై అదే అంకె!

గ్యాసు కొరతేనని తేలితే ముందు కారే చోటు వెదకాలి. నైట్రోజన్ పీడనంతో, సబ్బు నురుగుతో, లీక్ డిటెక్టర్‌తో అది దొరుకుతుంది. అతుకు సరిచేసి, వ్యాక్యూమ్ పంపుతో గాలిని, తేమను తీసివేసి, బానెట్ కింది చీటీపై ఉన్న బరువు ప్రకారం తూచి నింపించాలి. ఈ పని శిక్షణ పొందిన మెకానిక్కుదే. ద్రవం చర్మానికి తగిలితే గడ్డకట్టించి గాయం చేస్తుంది.

ఇది మన జేబుకు మాత్రమే సంబంధించినది కాదు. ఓజోను పొరను హరించిన ఆర్‌-12 వంటి వాయువులకు 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం స్వస్తి పలికింది. తరువాత వచ్చిన ఆర్‌-134ఏ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు వెయ్యి రెట్లకు మించినది. అందుకే 2016లో కిగాలీలో దాని వంటి వాయువులను కూడా క్రమంగా తగ్గించాలని దేశాలు అంగీకరించాయి. చిన్న కారులో పట్టే గ్యాసు అర కిలో ప్రాంతం. అది గాలిలో కలిస్తే అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడు వదిలినట్లే.

ఈసారి గ్యాసు నింపుతామని ఎవరైనా అన్నప్పుడు పాఠకులు మా శ్రీమతి ప్రశ్ననే అడగాలని మా మనవి. జవాబు దొరికిన తరువాతనే సిలిండరు తెరవనివ్వండి.