పరిశోధనకు 1,500 కోట్లు: నల్లమల అంచుకు చేరేదెంత?

అహోబిలం: ఈ చుట్టుపట్ల చేలల్లో గాని, ఎగువ అహోబిలం అడవిదారిలో గాని పాముకాటుకు గురైన మనిషిని ముందు ఆళ్లగడ్డకు, అక్కడ కుదరకపోతే నంద్యాలకు, అంతకూ కాకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చడం అందరూ ఎరిగిన దారే. ఆ దారిలో విరుగుడు మందు దొరకవచ్చును. కాని అది ఏ పాముకు ఎంత మోతాదులో పనిచేసిందో, ఆలస్యంగా వచ్చినవారిలో ఎవరి మూత్రపిండాలు ఎందుకు దెబ్బతిన్నాయో ఏళ్ల తరబడి రాసిపెట్టి తేల్చే తీరిక ఉన్న డాక్టరు దొరకడమే కష్టం.

వైద్య పరిశోధకులకు ఫెలోషిప్పులిచ్చే పథకం మూడవ దశకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరు 1న ఆమోదం తెలిపిన దృష్ట్యా ఈ విషయం ఇప్పుడు ఆలోచించదగినది. మొత్తం 1,500 కోట్ల రూపాయలలో 1,000 కోట్లు కేంద్ర బయోటెక్నాలజీ శాఖవి, 500 కోట్లు బ్రిటన్‌కు చెందిన వెల్‌కం ట్రస్టువి. 2008-09లో మొదలైన ఈ పథకం ఇంతవరకు ఎక్కువగా పేరుమోసిన సంస్థలకే ఉపకరించిందన్న అభిప్రాయం ఉన్నది. ఈసారి చిన్న నగరాలకు కూడా విస్తరిస్తామనీ, అనుభవజ్ఞులు జూనియర్లకు మార్గదర్శకత్వం వహించే పద్ధతిని బలపరుస్తామనీ ప్రభుత్వం చెబుతున్నది. కర్నూలు, కడప, నంద్యాల కాలేజీలు పట్టుకోవలసింది ఈ రెండు మాటలనే.

జిల్లా వైద్య కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసరు దినచర్య చూస్తే సంగతి బోధపడుతుంది. పొద్దున ఓ.పి., తర్వాత వార్డులు, క్లాసులు, నడుమ కోర్టు సాక్ష్యాలు, తనిఖీల రోజుల్లో రికార్డులు. వీటి మధ్య పి.జి. విద్యార్థుల థీసిస్‌లకు గైడుగా సంతకం పెట్టాలి. ప్రతి పి.జి. విద్యార్థీ థీసిస్ సమర్పించక తప్పదు గనుక, తొందరగా పూర్తయ్యే అంశాన్నే ఎంచుకుంటాడు. పరీక్ష అయ్యాక అది లైబ్రరీ బీరువా చేరుతుంది. తప్పు ఆ కుర్రవాడిది కాదు, ఆ గైడుదీ కాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే గంటకు జీతపు లెక్కలో చోటు లేకపోవడమే అసలు లోపం.

ఈ లోపాన్ని అమెరికా ప్రభుత్వం కొంత ముందుగానే గుర్తించింది. 1990ల చివర అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ప్రవేశపెట్టిన కె-24 అనే గ్రాంటు సరిగ్గా నడివయస్సు డాక్టర్ల కోసమే. రోగులపై పరిశోధన చేస్తూ జూనియర్లను తయారుచేసే వారికి పనికాలంలో నాలుగో వంతు నుంచి సగం దాకా ఆ పనికే కేటాయించుకునేలా జీతంలో భాగం ఆ గ్రాంటు భరించేది. ఇచ్చింది సామగ్రి కాదు, సమయం.

మనవారికి ఇది తెలియనిదేమీ కాదు. జొన్న తినే పేదల్లో కనిపించే పెల్లగ్రా వ్యాధికి ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో సంబంధం ఉండవచ్చునని 1960లో ప్రతిపాదించినవారు హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు డాక్టర్ ఎస్.జి. శ్రీకంటియా. ఆ వాదంపై తర్వాత భిన్నాభిప్రాయాలు రాకపోలేదు. అయితే 1974లో గోపాలన్ ఢిల్లీకి వెళ్లినప్పుడు ఆ సంస్థ బాధ్యత స్వీకరించింది శ్రీకంటియాయే. ఫ్లోరైడు నీటి పల్లెల్లో పిల్లల మోకాళ్లు వంకర తిరగడాన్ని 1973లో ప్రపంచానికి చాటినదీ ఆ సంస్థ డాక్టర్లే. జొన్న, ఫ్లోరైడు రెండూ మెట్టసీమ సమస్యలే గదా.

పాముకాటు కూడా అటువంటిదే. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది దీనికి బలయ్యారని ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం కార్యాచరణ పథకం ప్రకటించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికి కలిపి తయారయ్యే మన విరుగుడుకు కావలసిన విషం చాలావరకు తమిళనాడు ఇరుళుల సహకార సంఘం నుంచి వస్తున్నది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్నిబట్టి మారుతుందని శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. మరి నల్లమల రక్తపింజరికి ఆ మోతాదు సరిపోతున్నదా? దీనికి జవాబు ఢిల్లీలో దొరకదు. చెంచు గూడేల నుంచీ, కె.సి. కాలువ కింది మళ్ల నుంచీ వచ్చే రోగుల కేసుషీట్లలోనే దొరకాలి.

1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలకు రోగుల కొరత లేదు. 2023లో 150 సీట్లతో ప్రారంభమైన నంద్యాల ప్రభుత్వ కళాశాల తొలి బ్యాచి హౌస్ సర్జన్సీతో సహా ముగించేది 2029 ప్రాంతంలో. ఆలోగా ఒక్కొక్క కాలేజీలో ఇద్దరు ముగ్గురు నడివయస్సు అధ్యాపకులకైనా ఇటువంటి సాయం అందితే, ఆ పిల్లలకు కేసు రాయడం ఎలాగో చూపించేవారు ఉంటారు.

అయితే గ్రాంటు మంజూరైనంత మాత్రాన సరిపోదు. వారానికి రెండు రోజులు పరిశోధనకు పోయే డాక్టరుకు బదులు ఓ.పి.లో ఎవరు కూర్చుంటారు? పని సగంలో ఉండగా బదిలీ ఉత్తర్వు వస్తే ఆ రికార్డులు ఎవరికి అప్పగించాలి? గ్రాంటు ఉన్నన్నాళ్లూ బదిలీ నుంచి మినహాయింపు, బదులు డాక్టరు నియామకం అనే రెండూ రాష్ట్ర వైద్య విద్యాశాఖ చేతిలోనివి. దరఖాస్తులు పంపడానికి ముందే ఆ శాఖ వీటిపై ఉత్తర్వు జారీ చేయవలసి ఉన్నది.