ఆ గంజి పారబోయకు!

పాస్తా అంటే నాకు తెలిసింది మూడు రంగులే. వైట్, రెడ్, పింక్. మాదాపూర్‌లో మా ఆఫీసు పక్క కేఫ్‌లో "ఏ సాస్ సార్?" అని అలాగే అడిగేవాళ్లు మరి. నిండా క్రీమ్, చీజ్, స్వీట్‌కార్న్, పైన ఒరెగానో. అందుకే ప్రాజెక్టు పని మీద ఇటలీలోని ట్యూరిన్‌కి వచ్చినప్పుడు, తిండికేం ఢోకా లేదులే అనుకున్నా.

నెల తిరక్కుండానే సీన్ అర్థమైంది. రోజూ బయట తింటే జీతం ఏ మూలకూ సరిపోదు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ, కందిపొడి అడుగంటాయి. వంట చేసుకుందామా అంటే అస్సలు రాదు. చిన్నప్పుడు వంటింటి గడప తొక్కితే చాలు, "నీకెందుకురా, వెళ్లి చదువుకో" అనేది అమ్మ. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగమొచ్చింది, 28 ఏళ్లొచ్చాయి, ఆ డైలాగ్ మాత్రం మారలేదు. బ్రెడ్డు, పెరుగు, అరటిపండు... ఇదీ నా డిన్నర్. వీడియో కాల్‌లో మాత్రం "ఆఁ, తిన్నానమ్మా" అనేవాణ్ని.

నేను అద్దెకుంటున్నది డెబ్బై దాటిన ఓ పెద్దావిడ ఇంట్లో. వంటగది ఇద్దరికీ ఒకటే. ఓ రాత్రి ధైర్యం చేసి స్పగెట్టి ఉడకబెట్టి, ఆ నీళ్లు సింకులో వంపుతుంటే వెనక నుంచి "నో, నో, నో!" అని ఒకటే కేక. గ్యాస్ లీకయిందేమో అని హడలిపోయా. ఆవిడ గబగబా వచ్చి గిన్నె లాక్కుని, మిగిలిన నీళ్లని పక్కన పెట్టింది. ఆవిడ బాధంతా ఆ గంజి గురించి!

ఆ రాత్రే "ఆల్యో, ఓల్యో ఎ పెపెరొంచీనో" నేర్పింది. పేరు పెద్దదే కానీ అర్థం వెల్లుల్లి, నూనె, మిరపకాయ. అంతే. నాది గుంటూరు. ఎండుమిర్చి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

మనిషికి 100 గ్రాముల స్పగెట్టి, లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద 9 నిమిషాలని ఉంటే 8కే తీసేయాలి. ఈలోగా సన్నసెగ మీద ఆలివ్ నూనెలో వెల్లుల్లి, మిర్చి వేగుతుంటాయి. మన పోపులోలా వెల్లుల్లిని ఎర్రగా వేయించకూడదు, లేత బంగారు రంగు చాలు. మాడితే చేదే. అందులో స్పగెట్టి వేసి, గరిటెడు గంజి పోసి నిమిషం పాటు గిరగిరా తిప్పాలి. గంజిలోని పిండి వల్ల నూనె, నీళ్లు విడిపోకుండా కలిసిపోయి చిక్కబడతాయి. అదే సాస్. క్రీమూ లేదు, రంగూ లేదు.

తర్వాత ఆవిడ వంటల నోట్‌బుక్ ఇచ్చింది. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ చదివితే ప్రతి పేజీలోనూ ఉప్పు పక్కన "క్యు.బి." అని రెండక్షరాలు. ఏదో కొలత అనుకున్నా. "క్వాంతో బాస్తా" అట, ఎంత సరిపోతే అంత అని. అంటే మన "ఉప్పు తగినంత"! నాలాంటి కోడ్ రాసేవాడికి ఇంతకన్నా నరకం ఉంటుందా? "ఎన్ని గ్రాములు సిన్యోరా?" అనడిగితే మూడు వేళ్లతో తీసి గిన్నెలో వేసి, అర్థమైందిగా అన్నట్టు చూసింది.

ఆ ఆదివారం అమ్మకి గంజి కథ చెప్పా. నవ్వుతుందనుకుంటే, "మీ నాయనమ్మ అన్నం వార్చిన గంజిలో ఉప్పేసుకుని తాగేదిరా. కుక్కరొచ్చాక ఇంట్లో గంజే లేదు" అంది. అప్పుడడిగా, "అమ్మా, టమాటా పప్పు ఎలా చేస్తావు?" అని.

"నీకెందుకురా..." అని అలవాటుగా మొదలెట్టి, సగంలో ఆగిపోయింది. రోజూ తింటున్నానని నేను చెప్పిన అబద్ధం అప్పుడే పట్టేసుకున్నట్టుంది. కాసేపాగి, "రాసుకో" అంది.

ఉప్పెంత అని అడగలేదు.

పోర్తా పలాత్సో మార్కెట్ వైపు తిరిగితే ఓ కొట్లో కందిపప్పు దొరికింది. చింతపండు కాస్త ఎక్కువైంది కానీ, పప్పు పప్పులాగే వచ్చింది. పెద్దావిడకీ వడ్డించా. రుచి చూసి ఏమీ అనలేదు. లేచి వెళ్లి సీసా తెచ్చి, పప్పన్నం మీద ఆలివ్ నూనె ధారగా పోసుకుని, ప్లేటు ఖాళీ చేసి మళ్లీ పెట్టమంది.

పప్పు కుదిరిందని అమ్మకి చెప్పా. ఆ ఆలివ్ నూనె సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.