అడిగితే చాలదు, జవాబు రాబట్టాలి

శాసనసభ సమావేశాలు మొదలైతే చాలు, ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు వాకౌటు చేశారు, ఎందరిని సస్పెండు చేశారు అన్న వార్తలే రచ్చబండ దాకా వస్తాయి. ప్రశ్నోత్తరాల సమయంలో ఏ సభ్యుడు ఏమి అడిగాడు, మంత్రి ఏమి బదులు చెప్పాడు అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నిజానికి పల్లెటూరి మనిషికి సభ వల్ల కలిగే మేలులో పెద్ద భాగం ఆ కొద్దిసేపట్లోనే వుంది. ఆ సమయంలో ప్రభుత్వం ప్రతివాది. అడిగినవాడు అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా మంత్రి లేచి నిలబడి లెక్క చెప్పవలసిందే.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రపు గుర్తు వున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు నచ్చకపోతే సభ్యులు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబు వస్తుంది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు ప్రశ్నలు, 230 రాతపూర్వక ప్రశ్నలు జాబితాలో చేరుతాయి. వీటిలో ఏది కాలక్షేపానికి అడిగింది, ఏది పని జరగాలని అడిగింది అన్నది ఆ తరువాత సభ్యుడు చేసిన పనిని బట్టి తెలుస్తుంది. ఈ మాట ఎందుకంటున్నామో చెప్పడానికి దూరం వెళ్ళనక్కరలేదు.

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ప్రాణవాయువు సరఫరాలో ఒత్తిడి తగ్గి కరోనా రోగులు చనిపోయారు. మృతులు 11 మంది అని అధికారులు అప్పుడు ప్రకటించారు. తిరుపతి ఆనాటికి మన చిత్తూరు జిల్లాలోనే వుంది. 2022 ఏప్రిల్‌లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ రాత్రి సంగతి మన పల్లెల్లో తెలియనివారు లేరు. అయినా అదే సంవత్సరం జులై 20వ తేదీన రాజ్యసభలో ఒక ప్రశ్నకు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన జవాబు ఏమిటి? ప్రాణవాయువు కొరత వల్ల చనిపోయినట్లు రాష్ట్రాల నుంచి ప్రత్యేకంగా నివేదికలేవీ రాలేదన్నది దాని సారాంశం. దేశమంతటా సిలిండర్ల కోసం జనం పరుగులు తీసిన మూడు నెలలకే ఈ మాట వినవలసి వచ్చింది.

అక్కడితో వూరుకుని వుంటే ప్రభుత్వ రికార్డులో ఆ మాటే చివరి మాటగా మిగిలేది. కాని సభలోను, పత్రికల్లోను నిలదీత ఆగలేదు. కేంద్రం రాష్ట్రాలను మళ్ళీ వివరాలు అడగవలసి వచ్చింది. మూడు వారాల్లోనే, ఆగస్టులో, పార్లమెంటుకు మరొక జవాబు చేరింది. మే 10న రుయాలో వెంటిలేటరు మీద వున్న కొందరు రోగులు చనిపోయారని, పెద్ద ట్యాంకు నుంచి ప్రత్యామ్నాయ ఏర్పాటుకు మార్చే సమయంలో గొట్టాల్లో ఒత్తిడి పడిపోయినట్లు ప్రాథమిక విచారణలో తేలిందని రాష్ట్రం తెలిపినట్లు కేంద్రం ఒప్పుకున్నది. చచ్చినవారు తిరిగి రాలేదు. కాని వారు ఎందుకు చనిపోయారో దేశ చట్టసభ రికార్డులోకి ఎక్కింది. ఒకసారి అడిగితే ‘లేదు’ అన్న ప్రభుత్వం, వదలకుండా అడిగితే ‘అవును’ అన్నది. ప్రజాప్రతినిధులందరూ గుర్తుంచుకోవలసిన పాఠమిది.

రెండవ పాఠం, ఏ ప్రశ్న ఏ సభలో వేయాలన్నది. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆస్పత్రులు, పోలీసులు, జైళ్ళు రాష్ట్రాల జాబితాలోనివి. క్రిమినల్ చట్టాలు ఉమ్మడి జాబితాలోనివి. అందుచేత పార్లమెంటు సభ్యుడు ఆస్పత్రిని గురించి అడిగితే ‘ఇది రాష్ట్రాల విషయం’ అని కేంద్రం తప్పించుకోగలదు. శాసనసభలో మంత్రికి ఆ సాకు లేదు. మన ఎమ్మెల్యేలు అడగకపోతే అడిగేవారు మరెవ్వరూ లేరన్నమాట.

ఆస్పత్రి వేరు, పోలీసు స్టేషను వేరు అని రాజధానిలో శాఖలు పంచుకున్నారు గాని పల్లెలో అవి రెండూ ఒకే గుమ్మం. చెనిక్కాయల చేలో పాము కరిచినా, పురుగుమందు తాగినా, ట్రాక్టరు బోల్తాపడినా, గట్టు తగాదాలో తల పగిలినా ముందు ఆస్పత్రికి పోవాలి. వెనువెంటనే పోలీసులు రావాలి. డాక్టరు గాయాల సర్టిఫికెట్టు ఇవ్వనిదే కేసు నిలవదు. ప్రాణం పోతే పంచనామా జరగనిదే శవపరీక్ష లేదు. శవపరీక్ష జరగనిదే శవాన్ని ఇవ్వరు. విషం అనుమానం వుంటే విసెరాను ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. అక్కడి నుంచి నివేదిక వచ్చే దాకా కేసు కదలదు. బీమా సొమ్ము, పరిహారం కూడా ఆగిపోతాయి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా నష్టపోయేది ఆ ఇంటివారే. ఇద్దరు మంత్రులూ మాత్రం ‘అది మా శాఖ కాదు’ అని చేతులు దులుపుకోవచ్చు.

చట్టంలో లోపమున్నదా అంటే, అదీ లేదు. గాయపడినవారు వస్తే పోలీసు కాగితాల కోసం ఎదురు చూడకుండా ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వసతులున్న ఆస్పత్రుల్లో పొద్దుగూకిన తరువాత కూడా శవపరీక్ష చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణాలకు మాత్రం సాధారణంగా ఇది వర్తించదు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఫిర్యాదు చేసినవారికి నకలు ఉచితంగా ఇవ్వాలి. ఏ స్టేషను పరిధిలో జరిగిన నేరమైనా ఫిర్యాదు తీసుకోవాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా బాధితులకు తెలియజేయాలి. అత్యాచార బాధితులకు, యాసిడ్ దాడికి గురైనవారికి అన్ని ఆస్పత్రులూ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి.

ఇన్ని వున్నా పల్లెటూరివాడికి ఎన్ని అందుతున్నాయి? ఇదే సభలో అడగవలసిన ప్రశ్న. మన జిల్లాలో రాత్రిపూట శవపరీక్ష చేయగల ఆస్పత్రులు ఎన్ని? శవపరీక్ష చేసే డాక్టరు పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని? ఏడాది దాటినా నివేదిక రాని విసెరా కేసులు ఎన్ని? పాము కాటు మందు ఏయే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఎంత నిల్వ వుంది? 90 రోజుల కబురు ఎందరు బాధితులకు అందింది? ఇవి ఉపన్యాసాలు కావు. ఒక్కొక్కదానికి జవాబు ఒక అంకె. అంకె అడిగినప్పుడు మంత్రి మాటలతో తప్పించుకోవడం కష్టం.

వైద్యుల సంగతి చూడండి. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలన్నది ప్రమాణం. 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం, అందులో శస్త్రచికిత్స, ప్రసూతి, పిల్లల వైద్యం వంటి వాటికి నిపుణులు వుండాలి. కేంద్ర ప్రభుత్వం వెలువరించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో వుండవలసిన నిపుణులలో దాదాపు 80 శాతం మంది లేరు. భవనం వుంది, బోర్డు వుంది, డాక్టరు లేడు. అందుకే మన జిల్లాలో జబ్బు కాస్త ముదిరితే ‘వేలూరు తీసుకుపోండి’ అన్న మాట వినబడుతుంది. పొరుగు రాష్ట్రానికి పోయేందుకు కారు బాడుగ కట్టలేనివాడి గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

జైళ్ళ సంగతీ ఇంతే. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది వుంటే, వారిలో 4,34,302 మంది నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. తొలిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల వుంటే, మరణ శిక్ష గాని యావజ్జీవం గాని పడే నేరం కాకపోతే, వేరే కేసులు లేకపోతే, బాండు మీద విడుదల కావచ్చునని కొత్త చట్టం చెబుతున్నది. ఆ దరఖాస్తు కోర్టుకు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. మన జైళ్ళ నుంచి ఇలాంటి దరఖాస్తులు ఎన్ని వెళ్ళాయి, ఎందరు విడుదలయ్యారు అని అడిగే ఎమ్మెల్యే కావాలి. జైల్లో వున్నవాడి కుటుంబంలో ఓట్లు తక్కువే కావచ్చు. కాని కూలికి పోయే మనిషి లోపల వుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మంత్రులు తరచు చెప్పే జవాబు ఒకటుంది: ‘సమాచారం సేకరిస్తున్నాం’. చాలామంది సభ్యులు ఈ మాటతో కూర్చుంటారు. నిజానికి అది జవాబు కాదు, హామీ. సభలో ఇచ్చిన హామీలు నెరవేరాయా లేదా అని చూడడానికి ప్రత్యేకంగా కమిటీలున్నాయి. లోక్‌సభలో ఇటువంటి కమిటీ 1953 నుంచి వుంది. అక్కడ హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. మన శాసనసభకూ హామీల కమిటీ వుంది. ప్రశ్న వేసిన సభ్యుడు ఆ హామీని ఆ కమిటీ దాకా వెంటాడితేనే ప్రశ్నకు ఫలితం వుంటుంది. లేకపోతే అది పత్రికలో పేరు కోసం అడిగిన ప్రశ్నగానే మిగులుతుంది.

ప్రజలు చేయవలసినదీ కొంత వుంది. ఎమ్మెల్యే వూరికి వచ్చినప్పుడు ‘మా ఆస్పత్రి బాగాలేదయ్యా’ అంటే ఆయన ‘చూద్దాం’ అని కారెక్కుతాడు. అలాకాక ఏ తేదీన, ఏ ఆస్పత్రిలో, ఎన్ని గంటలకు డాక్టరు లేడో, ఏ స్టేషనులో ఏ రోజు ఫిర్యాదు తీసుకోలేదో ఒక కాగితం మీద రాసి, సంతకాలు చేసి ఇవ్వాలి. గ్రామసభలో తీర్మానం చేసి పంపితే మరీ మంచిది. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే దానిని జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చునని చట్టమే చెబుతున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో వివరాలు రాబట్టి వాటిని ఎమ్మెల్యే చేతిలో పెట్టవచ్చు. వివరం చేతిలో వున్న సభ్యుడికి సభలో బలం వుంటుంది. వివరం లేనివాడు అరుస్తాడు, మైకు ఆగిపోతుంది.

సభ్యుల్ని ఎన్నుకునేటప్పుడు రోడ్డు వేయించాడా, పెన్షను ఇప్పించాడా అని చూస్తున్నాం. సభలో ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఎన్నింటికి జవాబు రాబట్టాడు అని కూడా లెక్క అడగాలి. ఈసారి సభ ముగిసి వూరికి వచ్చిన ఎమ్మెల్యేను దండతో పాటు ఈ ప్రశ్నతోనూ ఎదుర్కోవాలి. అప్పుడే ఆయన సభలో మంత్రిని ఎదుర్కొంటాడు.